వేలెడు సందు

వానలు పడేలోగా అదే ఆఖరి ఇటుకల ఆవం. అది సరిగ్గా కాలితే వచ్చే ఏడూ బట్టీ నడుస్తుంది. కాలకపోతే ఈ నేలను సిమెంటు దిమ్మెలు పోసేవాళ్ళకు ఇచ్చేస్తానని యజమాని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పి వెళ్ళాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. కిందటేడు అకాల వానకు ఆరబెట్టిన పచ్చి ఇటుకంతా కరిగి మళ్ళీ మట్టి అయిపోయింది. ఎంత ఓపిక ఉన్నవాడికైనా అదే మట్టిని రెండుసార్లు తొక్కించాలంటే మనసు విరుగుతుంది.

మట్టి తొక్కేవాళ్ళు, అచ్చులు పోసే ఆడవాళ్ళు, బండ్లు తోలేవాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు గొణుక్కున్నారు. పొగమేస్త్రి మాత్రం నోరు మెదపలేదు. తలగుడ్డ విప్పి దులిపి, మళ్ళీ చుట్టుకుని, ఊక రాశి దగ్గరికి వెళ్ళి పిడికెడు తీసి నలిపి చూశాడు. పొడిగానే ఉంది. ఆవం కాల్చే బాధ్యత ఆయనది. తన చేతిలో ఉన్నదాన్ని చూసుకోవడం, లేనిదాని గురించి మాట్లాడకపోవడం ఆయన అలవాటు. ఈ అలవాటును కొందరు నిబ్బరం అన్నారు, కొందరు పొగరు అన్నారు. రెండూ కొంత నిజమే.

ఆయన వయసెంతో ఆయనకే సరిగ్గా తెలియదు. మీసం రాకముందే తండ్రి వెంట ఆవం చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు; ఇప్పుడు ఆ మీసం బూడిద రంగుకు తిరిగింది. అందులో వయసెంతో, బూడిదెంతో చెప్పడం కష్టం. కనుబొమలు ఎన్నిసార్లు మాడాయో, చివరికి మొలవడం మానేశాయి. అందువల్ల ఆయన ముఖంలో ఎప్పుడూ ఒక చిన్న ఆశ్చర్యం ఉన్నట్టు కనిపించేది. నిజానికి ఆయన దేనికీ ఆశ్చర్యపడే మనిషి కాదు.

పొగమేస్త్రి అని పేరు పెట్టింది అచ్చులు పోసే ముసలవ్వ. నిప్పు చూసి ఆవం కాల్చేవాళ్ళను తాను చాలామందిని చూసిందట, పొగ చూసి కాల్చేవాణ్ణి ఈయనొక్కణ్ణే చూసిందట. ఆ మాటలో అతిశయం లేదు. పచ్చి ఇటుకలను మిద్దె ఎత్తున పేర్చి, అడుగున పొయ్యి నోళ్ళు విడిచి, బయటంతా మట్టి మెత్తి, పైన బూడిద కప్పి నిప్పు పెడతారు. ఆ తరువాత లోపల ఏం జరుగుతోందో చూసే మార్గం లేదు. మొదట ఇటుకలోని నీరు పోవాలి. అప్పుడు వచ్చే పొగ తెల్లగా, బరువుగా, చలికాలపు పొద్దున పశువు విడిచిన ఊపిరిలా ఉంటుంది. నీరు పోయాక పొగ పలచబడి నీలం తిరుగుతుంది. ఆ తిరిగే ఘడియను పట్టుకుని మంట పెంచాలి. ముందే పెంచితే ఇటుక పగులుతుంది, ఆలస్యమైతే పచ్చిగానే మిగిలిపోతుంది. లోపలున్న దాని గురించి మనకు తెలిసేదంతా బయటికి వచ్చిన దాన్నిబట్టే. మనుషుల విషయంలోనూ ఇంతే గదా అని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. తోచి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది.

వాళ్ళ నాన్న కూడా ఆవం మేస్త్రే. ఇద్దరు కొడుకుల్లో పెద్దవాడికి కాల్చడం నేర్పాడు, చిన్నవాడికి పేర్చడం నేర్పాడు. ఇద్దరికీ ఒకే పని నేర్పితే పోటీ పడతారు, వేరువేరు పనులు నేర్పితే ఒకరికొకరు అక్కరవుతారు అని ఆయన లెక్క. పేర్చడమంటే అంటించడం కాదు. ప్రతి ఇటుకకూ పక్కదానికీ మధ్య వేలెడు సందు విడవాలి. వరసను అడ్డంగా, దాని మీది వరసను నిలువుగా తిప్పుకుంటూ పోవాలి. సందు ఎక్కువైతే కట్టు కూలుతుంది, తక్కువైతే నిప్పు నడవదు. కాల్చేవాడికి పేర్చినవాడే దారి వేస్తాడు. పేర్పు చెడితే ఎంతటి మేస్త్రి అయినా చేయగలిగింది లేదు. కాల్పు చెడితే ఎంతటి పేర్పైనా బూడిదపాలే. అందుకే ఆవం పాడైనప్పుడల్లా కాల్చేవాడూ పేర్చేవాడూ ఒకరినొకరు చూపుడువేలితో చూపించుకోవడం ఈ పనిలో మామూలు.

తండ్రి పోయిన కొత్తలో ఒక ఆవం పాడైంది. యజమాని వచ్చి తప్పెవరిదని అడిగాడు. "పేర్పు బిగిసింది. నిప్పులో తప్పు లేదు" అన్నాడు అన్న. ఆడవాళ్ళూ బండ్లవాళ్ళూ అందరూ వింటున్నారు. తమ్ముడు అక్కడే నిలబడి విన్నాడు. తరువాత తొట్టి దగ్గర చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి అన్నతో మాట్లాడలేదు. అన్న చెప్పింది అబద్ధమై ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తప్పు ఒప్పుకుని ఉండేవాడు. అది నిజం. నిజం చెప్పినందుకు క్షమాపణ ఎలా చెప్పాలో ఆయనకు తెలియలేదు. న్యాయం తనవైపే ఉందన్న సంగతిని ఆయన చాలా ఏళ్ళు మోశాడు, దానితో ఏం చేసుకోవాలో తెలియకుండానే మోశాడు.

పని మాత్రం ఆగలేదు. బట్టీ వెనక గదుల వరసలో ఇద్దరి ఇళ్ళూ గోడకు గోడ ఆనుకునే ఉండేవి. ఒకరి దగ్గు ఒకరికి వినిపించేది. కబుర్లు మాత్రం పొగమేస్త్రి భార్య మోసేది. ఊక చాలదేమో అని తమ్ముడి అనుమానం, బయటి మట్టి ఇంకా మెత్తాలని అన్న మాట, అన్నీ ఆవిడ నోటిగుండానే అటూ ఇటూ తిరిగేవి. ఆవిడ నవ్వుతూనే చురక పెట్టేది. "నేను పోయాక ఓ చిలకను పెంచుకోండి ఇద్దరూ. అది తిండి కూడా తక్కువ తింటుంది" అనేది.

ఇంకొక అలవాటు కూడా స్థిరపడింది. ఆవం పేర్చేటప్పుడు పొగమేస్త్రి ఆ చాయలకు పోయేవాడు కాదు. కట్టు పూర్తయి, బయట మట్టి మెత్తి, పొయ్యి నోళ్ళు తప్ప ఏమీ కనిపించని స్థితికి వచ్చాకే అడుగుపెట్టేవాడు. తమ్ముడూ మరదలూ కలిసి పేర్చేవాళ్ళు. ఒకరు పైన కట్టు మీద, ఒకరు పక్కన వేసిన చెక్క పలక మీద నిలబడి ఇటుకలు అందిస్తూ. అంత మాత్రమే ఆయనకు తెలుసు.

కొన్నేళ్ళు గడిచాక ఆయన ఒక సంగతి గమనించాడు. ఆవాలు బాగా ఊపిరి తీస్తున్నాయి. నిప్పు పెట్టిన నాడే మంట లోపలికి వంగుతోంది. పొగ నాలుగు మూలలా ఒకేసారి తిరుగుతోంది. కాలడం పూర్తయ్యేసరికి కట్టు పైభాగం ఎక్కడా వంకర లేకుండా జానెడు కుంగుతోంది. ఎవరినీ మెచ్చుకోని మనిషి. భార్య వండినదాన్ని కూడా "ఊఁ" అని తినేవాడు, ఆ "ఊఁ" కాస్త సాగితే ఆ పూట ఆవిడకు పండగే. అటువంటివాడు ఒకనాడు చేతులు కడుక్కుంటూ, తమ్ముడి చేతికి ఈ మధ్య బుద్ధి వచ్చిందని అన్నాడు. భార్య ఆయన వంక ఒకసారి చూసి, ఏదో అనబోయి, చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఈ ఆఖరి ఆవం పేర్చడానికి ముందు మరదలు పలక మీద నుంచి జారి పడింది. మణికట్టు ఎముక విరిగింది. కట్టు కట్టించుకుని ఇంటిపట్టున ఉంది. పాపం అనుకున్నాడు ఆయన. ఇటుకలు అందించడానికి ఇంకెవరైనా దొరుకుతారులే అనీ అనుకున్నాడు.

నిప్పు పెట్టారు. మొదటి రోజు సన్నని మంటే. నాలుగు మూలలా తెల్లని పొగ సమంగా లేచింది. మరుసటి పొద్దున ఆయన చుట్టూ తిరిగి చూశాడు. ముందరి వైపంతా పొగ పలచబడుతోంది. వెనక ఎడమ మూలలో మాత్రం తెల్లగా, దట్టంగా, నిన్నటిలాగే ఉంది. నిచ్చెన ఎక్కి పైన బూడిదలోకి ఇనుప చువ్వ దించి కాసేపు ఉంచి తీశాడు. ముందరి వైపు దించినప్పుడు చువ్వ పొడిగా వచ్చింది. ఆ మూలలో దించితే నీటి బొట్లతో వచ్చింది. దిగి, మట్టి మెత్తిన గోడకు అరచెయ్యి ఆనించాడు. అక్కడ గోడ చల్లగా ఉంది.

ఆయనకు అర్థమైంది. లోపల దారి మూసుకుపోయింది. ఇప్పుడు మంట పెంచితే ముందరి ఇటుక కరిగి ముద్దకడుతుంది, ఆ మూల పచ్చిగా మిగులుతుంది. పెంచకపోతే మొత్తం పచ్చిదే. ఒకటే మార్గం ఉంది. ఆ మూల పొయ్యి నోట్లోకి కొక్కెం దూర్చి, బరువు మోయని ఇటుకలను కొన్నింటిని లాగి దారి చేయాలి. బరువు మోసేదాన్ని లాగితే కట్టు కూలి నిప్పు మీద పడుతుంది. ఏది మోస్తోందో, ఏది మోయడం లేదో బయటినుంచి తెలియదు. పేర్చినవాడికే తెలుస్తుంది.

ఆయన ఇంటికి వచ్చి భార్యతో, మూడో వరస అడ్డంగా వేశాడో నిలువుగా వేశాడో అడిగి రమ్మన్నాడు. ఆవిడ చేటలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"ఇది నేను మోయను. ఇన్నాళ్ళూ మోసినవి మాటలు. ఇది తేడాగా మోస్తే ఆవం కూలుతుంది. మీ కాళ్ళు బాగానే ఉన్నాయిగా, మీరే వెళ్ళండి."

"నువ్వే వెళ్ళు."

"వెళ్ళను" అంది ఆవిడ. ఆ తరువాత నవ్వలేదు కూడా.

పక్క గుమ్మం దాకా నడవడం ఆయనకు పెద్ద పనే అయింది. ఆ గదుల గోడలన్నీ అమ్ముడుపోని ఇటుకతో కట్టినవే. మాడి నల్లబడినవి, వంకరపోయినవి, ఒకదానికొకటి అంటుకుపోయినవి. తన చేతిలో చెడినవీ, తమ్ముడి చేతిలో చెడినవీ అన్నీ కలిసి ఆ గోడలో ఉన్నాయి. గుమ్మం ముందు చెప్పులు విడిచి, తల వంచి లోపలికి వెళ్ళాడు.

తమ్ముడు నేల మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని ఉన్నాడు. చలి వేస్తున్నవాడు కూర్చున్నట్టుంది, గదిలో చలి మాత్రం లేదు. మంచం మీద పడుకున్న మరదలు ఆయన్ను చూసి లేవబోయి, కట్టు కట్టిన చెయ్యి ఆనించలేక, రెండో మోచేతి మీద లేచి కూర్చుంది. పీట చూపించింది. ఆయన కూర్చోలేదు. గోడ వంక చూస్తూనే అన్నాడు.

"వెనక ఎడమ మూల నీరు పోవడం లేదు."

తమ్ముడు తొడల కింది చేతులను ఇంకా లోపలికి జరుపుకున్నాడు.

"మూడో వరస అడ్డంగా వేశావా, నిలువుగా వేశావా?"

అన్ని ఏళ్ళ తరువాత తమ్ముడితో ఆయన నేరుగా అన్న మొదటి మాట అది. తమ్ముడు నోరు తెరిచాడు. తెరిచి, భార్య వంక చూశాడు.

"ఆయన్ని అడగకండి బావగారూ" అంది ఆమె. "నన్నడగండి."

"నువ్వు ఊరుకో" అన్నాడు తమ్ముడు.

"ఊరుకునే ఇంత దూరం వచ్చింది."

తమ్ముడు ఇంక అడ్డు చెప్పలేదు. తొడల కింద నుంచి చేతులు తీసి మోకాళ్ళ మీద పెట్టాడు. రెండూ వణుకుతున్నాయి. భయంతో వణికే చేతులు కాసేపటికి ఆగుతాయి. ఇవి ఆగేవి కావని చూడగానే తెలుస్తోంది. ఒక చెయ్యి రెండోదాన్ని పట్టుకుని ఆపబోయింది, అదీ కలిసి వణికింది.

ఆ తరువాత చెప్పిందంతా ఆమే. తమ పెద్దకొడుకు బడికి పోవడం మొదలుపెట్టిన ఏడు ఆ వణుకు వచ్చిందట. వైద్యుడు మందులిచ్చాడు, మందులతో తగ్గేది కాదనీ చెప్పాడు. అప్పటినుంచి కట్టు మీద నిలబడి పేర్చేది తానే. పలక మీద నుంచి ఇటుకలు అందించేది అతడు. అందించడంలో వణుకు ఎవరికీ పట్టదు. మొదట్లో అతడు చెప్పినట్టు పేర్చింది. రెండు మూడు ఆవాల తరువాత అతడు చెప్పేది తగ్గిపోయింది, తనకే తెలియడం మొదలైంది.

"ఎవరెవరికి తెలుసు?" అన్నాడు ఆయన.

"మీకూ యజమానికీ తప్ప అందరికీ."

"మీ అక్కకి?" తన భార్యను తలచుకుని అడిగాడు.

"అక్కకి మొదటి రోజే తెలుసు."

పొగమేస్త్రి అప్పుడు పీట మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ ఏ చేతి దారిలో తన నిప్పు నడిచిందో, ఏ చేతికి బుద్ధి వచ్చిందని ఆయన ముచ్చటపడ్డాడో, ఆ చెయ్యి బద్దలు కట్టి ఎదురుగా ఉంది. ఆకాశంలోకి లేచే పొగను చదవగలిగినవాడు పక్కగది గోడవతల జరిగేదాన్ని చదవలేకపోయాడు. ఆవం పేర్చే చోటికి ఒక్కసారి నడిచి వెళ్ళి ఉంటే తెలిసేది. వెళ్ళకపోవడమే గౌరవం అనుకున్నాడు.

"మరి ఈసారి?" అన్నాడు.

"ఈసారి ఆయనే ఎక్కారు. నేను వద్దన్నాను. ఆఖరి ఆవం, ఇంకొకరి చేతికి ఇవ్వను అన్నారు. చెయ్యి వణికితే ఇటుక జారుతుందని, ఒకటి జారితే వరసంతా పోతుందని భయం. ఆ మూలకి వచ్చేసరికి సందు విడవడం మానేశారు. ఒకదానికొకటి ఆనించేశారు. నిన్న నిప్పు పెట్టాక చెప్పారు నాకు."

తమ్ముడు తల వంచుకునే అన్నాడు. "కూలలేదు కదా."

"కూలలేదు" అన్నాడు అన్న. "అందుకే కాలడం లేదు."

ఆ మాటలో పాత కత్తి లేదు. ఉన్నదున్నట్టు చెప్పడమే ఉంది. తమ్ముడు తల ఎత్తి చూశాడు, అవునన్నట్టు ఊపాడు కూడా. కూలుతుందన్న భయంతో బిగించుకున్నది ఎందుకు పనికిరాకుండా పోతుందో పేర్చే పని తెలిసినవాడికి వేరే చెప్పక్కరలేదు.

మరదలు మంచం దిగింది. విరిగిన చేతిని గుండెకు ఆనించి పట్టుకుని చెప్పుల కోసం వెతికింది. ఆయన వద్దనలేదు. వద్దనడానికి వ్యవధి లేదు.

మిట్టమధ్యాహ్నపు ఎండలో ముగ్గురూ ఆవం వెనక్కి వెళ్ళారు. మట్టి తొక్కేవాళ్ళు పని ఆపి చూశారు. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన నడవడం వాళ్ళలో చాలామంది ఎప్పుడూ చూసి ఎరగరు. ముసలవ్వ చేతిలో ఉన్న అచ్చును కింద పెట్టేసింది. "వాన గ్యారంటీగా వస్తుందర్రా ఇవాళ" అని పక్కావిడతో గొణిగింది. ఆ మాటకు నవ్వినవాళ్ళు కూడా పెదవి కదపకుండా నవ్వారు.

ఆమె పొయ్యి నోటి ముందు గొంతుకూర్చుని, లోపలి వెలుగులో కనిపించినంత మేర చూసి, భర్తను ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టింది. పొయ్యి మీది కమానును ఏ ఇటుకతో మూశారు? మూడో వరస ఎటు తిప్పారు? అడ్డంగా అన్నాడు అతడు. నాలుగోది? అదీ అడ్డమే, తిప్పడానికి చెయ్యి నిలవలేదు అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుని కాసేపు కూర్చుంది. మూసిన రెప్పల వెనక ఆమె ఆ కట్టును మళ్ళీ ఒకసారి తన చేత్తో పేర్చుకుంటోందని పొగమేస్త్రికి అర్థమైంది.

"ఎడమవైపు గోడలో కింది నుంచి మూడోది. దాని మీద బరువు లేదు. నాలుగోదాన్ని ముట్టుకోకండి. దాని పక్కన లోపలికున్నది లాగొచ్చు."

ఆయన పొడుగాటి కొక్కెం లోపలికి దూర్చాడు. వేడికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. ఇటుక తగులుతోంది గాని పట్టు దొరకడం లేదు. బిగిసి ఉంది. తమ్ముడు ఎవరూ పిలవకుండానే ముందుకు వచ్చాడు.

"నేనెలా పెట్టానో నాకు తెలుసు. ఆ కొస కాస్త పైకి పెట్టాను" అన్నాడు.

ఇద్దరూ కలిసి కొక్కెం పట్టుకున్నారు. తమ్ముడి చేతుల వణుకు ఇనుము వెంట నడిచి వచ్చి అన్న అరచేతులకు తగిలింది. ఆయన పట్టు ఇంకాస్త బిగించాడు. ఆ వణుకును అణచడానికి ప్రయత్నించలేదు. దానితో పాటే లాగాడు. ఇటుక గరగరమంటూ కదిలింది, జారి కింద పడింది. లోపల ఎక్కడో కట్టు మూలిగింది. ముగ్గురూ కదలకుండా నిలబడ్డారు. కూలలేదు.

రెండోది తేలిగ్గా వచ్చింది. ఆ తరువాత ఆమె చూపించిన ఇంకొకటి లాగినప్పుడు మాత్రం పైనుంచి కొన్ని ఇటుకలు జారి, ఆ మూల బయటి గోడ కొంచెం ఉబ్బింది. ఆయన వెంటనే పనివాళ్ళను పిలిచి ఆ ఉబ్బుకు ఆసరాగా పాత ఇటుకలు పేర్పించి మట్టి మెత్తించాడు. ముందరి వైపు పొయ్యి నోళ్ళను సగం మూయించాడు. నిచ్చెన ఎక్కి ఆ మూల మీది బూడిదను పక్కకు లాగి, పొగకు దారి ఇచ్చాడు. కిందికి దిగి పొయ్యి నోట్లో దోసెడు ఊక విసిరి చూశాడు.

మంట బయటికి నాలుక చాపింది. కాసేపు అటూ ఇటూ ఊగింది. ఆ తరువాత లోపలికి వంగింది.

మరదలు లేచి నిలబడి, బాగున్న ఒక్క చేత్తో బట్టలకు అంటిన బూడిద దులుపుకుంది.

ఆ రోజు నుంచి ఆ మూల పొయ్యిని కాపు కాసింది అన్నదమ్ములిద్దరే. తమ్ముడు మొదట దూరంగానే నిలబడ్డాడు. అన్న ఊక తట్ట అతడి ముందుకు జరిపాడు.

"నా చేతులు చూశావుగా అన్నయ్యా" అన్నాడు అతడు.

"ఊక విసరడానికి గురి అక్కరలేదు. వణికితే ఇంకా బాగా చెదిరి పడుతుంది."

తమ్ముడు నవ్వాడు. పొగ పడిందన్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు. పొగ లేని చోట కూర్చుని ఉన్నాడని అన్న అనలేదు. తట్టలో ఊక అయిపోవచ్చాక ఆయనే మళ్ళీ మాట్లాడాడు.

"అప్పుడు నేనన్న మాట..."

"నిజమేగా అది."

"నిజమే. అందరి ముందూ అనక్కరలేదు."

ఆ విషయం వాళ్ళ మధ్య అంతకుమించి ఎప్పుడూ రాలేదు. అన్ని ఏళ్ళ మౌనానికి ఇంత చిన్న మాట సరిపోతుందా అని ఎవరైనా అడగవచ్చు. సరిపోలేదనే చెప్పాలి. పోయిన ఏళ్ళు పోయినవే. వాటిలో ఒకరి పిల్లల జ్వరాలు ఒకరికి తెలియకుండా గడిచాయి. అమ్మ పోయినప్పుడు ఇద్దరూ చెరొక పక్క నిలబడి ఏడ్చారు. ఆ మాట వాటిని వెనక్కి తేలేదు. ఇక ముందు రావలసిన వాటికి మాత్రం అడ్డు తొలగించింది.

ఆ మూల పొగ మరునాటి సాయంత్రానికి నీలం తిరిగింది. ఆవం కుంగింది, అయితే సమంగా కుంగలేదు. వెనక మూల కాస్త ఎత్తుగా మిగిలింది. పొయ్యి నోళ్ళన్నీ మట్టితో మూసి చల్లారనిచ్చారు. చల్లారే రోజుల్లో పొగమేస్త్రికి చేయవలసిన పని ఉండదు. ఆ ఖాళీలో ఆయన ఒక అబద్ధాన్ని తయారుచేసుకున్నాడు. మొదటి రోజు తాను తొందరపడి మంట పెంచానని, అందుకే ఆ మూల దెబ్బతిందని చెప్పాలి. జీవితంలో ఏనాడూ నిప్పు మీదికి తప్పు రానివ్వని మనిషి ఆ వాక్యాన్ని లోపల లోపల ఎన్నోసార్లు చెప్పుకుని చూశాడు. ప్రతిసారీ కొత్త చెప్పులా కరిచింది.

యజమాని వచ్చాడు. ఆవం విప్పారు. ముందరి వైపు, నడుమ, కుడివైపు అంతా మంచి ఇటుక. ఎర్రగా కాలి, ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమంటోంది. ఎడమ మూల విప్పేసరికి రంగు పాలిపోతూ వచ్చింది. ఆఖరి వరసలు గోరుతో గీస్తే రాలేంత మెత్తన. యజమాని ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఈ మూల ఏమైందని అడిగాడు. చుట్టూ అందరూ ఉన్నారు.

పొగమేస్త్రి గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపును తమ్ముడు ఎలా గుర్తుపట్టాడో తెలియదు. బహుశా చిన్నప్పుడు అన్న నాన్నతో అబద్ధం చెప్పబోయే ముందు అలాగే సవరించుకునేవాడేమో. అన్న నోరు తెరిచేలోగా అతడు ముందుకు వచ్చాడు.

"పేర్పు బిగిసిందండి. పేర్చింది నేను. నా చేతులు నిలవడం లేదు." రెండు చేతులూ చాపి చూపించాడు. "ఇంతకు ముందు మీరు చూసిన మంచి ఆవాలన్నీ నా భార్య పేర్చినవి. నావి కావు."

అందరికీ తెలిసిన సంగతిని అందరూ మొదటిసారి విన్నారు. మరదలు తన కట్టు కట్టిన చేతి వంకే చూసుకుంటూ నిలబడింది. పొగమేస్త్రి తయారుచేసుకున్న వాక్యం ఆయన దగ్గరే మిగిలిపోయింది. మరొకటి చెప్పాలనిపించి, "మిగతాది నిలిచింది కూడా ఆమె వల్లే" అన్నాడు. ఆ నోట అంత పొడుగు ప్రశంస బట్టీలో ఎవరూ వినలేదు.

యజమాని ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు.

"ఎవరు పేర్చారో నాకెందుకయ్యా. నాకు ఇటుక కావాలి. మూల పోయింది, మిగతాది బాగుంది. వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. చేతిలోని మెత్తటి ఇటుకను పక్కన పెట్టి, బండ్లు ఎప్పుడు వస్తాయో కనుక్కోవడానికి వెళ్ళాడు.

ఒక ఇల్లు ఏళ్ళతరబడి ప్రాణంలా కాపాడుకున్న గుట్టు, ఎవరి నుంచి కాపాడుకున్నారో ఆ మనిషికి చీమ కుట్టినట్టయినా అనిపించలేదు. తమ్ముడు కొంతసేపు చేతులు చాపినట్టే నిలబడ్డాడు, తరువాత దించుకున్నాడు. అతడి ముఖంలో ఉపశమనం కంటే ముందు ఒక విధమైన అవమానం కదిలింది. ఇంత చిన్నదాని కోసమా అన్నట్టు. ముసలవ్వ అతడి వీపు మీద తట్టి, ఇటుకలు ఎత్తడానికి పొమ్మంది. ఎత్తడానికి వణుకు అడ్డు రాదు.

వానలు వచ్చాయి, వెళ్ళాయి. మట్టి మళ్ళీ తొక్కారు, అచ్చులు పోశారు, పచ్చి ఇటుక ఆరింది. మరదలి మణికట్టు అతుకుపడింది. కాస్త వంకరగా పడింది గాని పట్టు తగ్గలేదు. ఆ ఏటి మొదటి ఆవం పేర్చడం మొదలైనప్పుడు ఆమె కట్టు మీద ఉంది, భర్త పలక మీద ఉన్నాడు. అందించే ప్రతి ఇటుకా కొంచెం వణుకుతూ వచ్చి ఆమె చేతిలో నిలబడుతోంది.

పొగమేస్త్రి వచ్చాడు. బయటి మట్టి మెత్తక ముందే, పేర్పు ఇంకా సగంలో ఉండగానే ఆ చోటికి రావడం ఆయనకు అదే మొదటిసారి. నిచ్చెన నాలుగు మెట్లెక్కి, వరసల మధ్య నుంచి వెలుతురు ఎక్కడెక్కడ కనిపిస్తోందో చాలాసేపు చూశాడు. వేలు ఒక సందులో పెట్టి చూశాడు.

"ఈ వరసలో సందులు పెద్దవయ్యాయి" అన్నాడు.

"పెద్దవి కావు బావగారూ. ఈ ఏడు గాలి ఇటునుంచి లేదు, అటునుంచి వస్తోంది. అందుకని అక్కడ తగ్గించి ఇక్కడ విడిచాను."

ఆయన ముఖం తిప్పి గాలికి చెంప పెట్టాడు. కాసేపు అలాగే ఉన్నాడు. కనుబొమలు లేని ఆ ముఖంలో ఈసారి కనిపించిన ఆశ్చర్యం నిజమైనదే.

ఆవానికి నిప్పు ఏ రోజు పెట్టాలన్నది ఎప్పుడూ కాల్చేవాడే చెబుతాడు. వాళ్ళ నాన్న కాలంలోనూ అంతే, అంతకు ముందూ అంతే. పేర్చినవాళ్ళను ఎవరూ అడగరు.

ఆయన నిచ్చెన దిగి, తలగుడ్డ సరిచేసుకుని, పైకి చూశాడు.

"నిప్పు ఎప్పుడు పెట్టమంటావమ్మా?" అన్నాడు.